తేదీలమ్మ తప్పు

కంటి ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. గచ్చు తుడిచే మనిషి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆవిడ తేదీలమ్మే. రెండో నంబరు కౌంటర్లో కూచుని ఎవరికి ఏ రోజు కంటి ఆపరేషనో చెప్పడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ, అదే గొంతు. "రండి రండి, మీ కుడికన్ను మూడేళ్ళ కిందట మార్చి తొమ్మిదిన చేశారు కదండీ. ఎడమదాన్ని ఇన్నాళ్ళు ఎందుకు నానబెట్టారు?" అని అడిగేసరికి వచ్చినవాళ్ళు నోరు తెరిచేవారు. చిన్నాపెద్దా ఎవరినైనా 'అండీ' అనే అంటుంది. ఆ ఆసుపత్రి మొత్తమ్మీద ఆవిడ చేత 'ఒరేయ్' అనిపించుకునేవాడు ఒక్కడే, మేనల్లుడు.

మేనల్లుడికీ అక్కడ వేరే పేరు లేదు. తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే మేనత్తే తెచ్చి పెంచింది. తన పెళ్ళి మాట ఎత్తిన చుట్టాల్ని గుమ్మంలోంచే సాగనంపి వాణ్ణి చదివించింది. ఇప్పుడు వాడు కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. పెళ్ళాం, ఏడేళ్ళ కూతురు, అత్త, తను, నలుగురూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆసుపత్రివాళ్ళు రిజిస్టర్లు తీసేసి కంప్యూటర్ మీదికి మారాలనుకున్నప్పుడు, "బయటివాళ్ళెందుకండీ, మావాడున్నాడు" అని సూపర్నెంటుతో చెప్పింది ఆవిడే. చెప్పి ఊరుకోలేదు. వారం రోజులు ఆయన టీ తాగే వేళకి వెళ్ళి నిలబడింది.

ప్రోగ్రాము మొదలైన రోజున మేనల్లుడు మూడో అంతస్తులో తెల్లబోర్డు మీద గడియారాలు గీసి, బాణాలు వేసి, అరగంట మాట్లాడాడు. "డేటాబేసులో కాలం ప్రపంచానికంతటికీ ఒక్కటే. తెర మీదికి వచ్చేటప్పుడు మాత్రం మన ఊరి కాలంలోకి మారుతుంది. రేపు మీరు ఏ దేశంలో ఇంకో ఆసుపత్రి పెట్టినా గంట తేడా రాదు" అన్నాడు. సూపర్నెంటుకి సగం అర్థమైంది, మిగతా సగానికి చప్పట్లు కొట్టాడు. వెనక వరసలో తేదీలమ్మ పక్కనున్న ఒకటో కౌంటర్ అమ్మాయిని మోచేత్తో పొడిచి, "చిన్నప్పుడు గడియారం చూడ్డం రాక ఏడ్చేవాడు" అంది. అందులో గర్వం ఎంతుందో ఆ అమ్మాయికి పొడుపు నొప్పిలోనే తెలిసింది.

అదే పొద్దున ఇంకో చిన్న సంగతి జరిగింది. ఒకటో కౌంటర్లో పాత కంప్యూటరే ఉంచి, రెండో కౌంటర్లో కొత్తది పెట్టారు. పెట్టె విప్పి తీగలు తగిలించాక తేదీలమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసింది.

"ఒరేయ్, గోడ గడియారం పది చూపిస్తోంది, నీ డబ్బా ఒంటిగంటన్నర అంటోంది. దీనికప్పుడే భోజనాల వేళయిందా?"

"ఒక్క నిమిషం అత్తా." పైన బోర్డు దగ్గర అందరూ ఎదురు చూస్తున్నారు. అతను నిలబడే నాలుగు నొక్కులు నొక్కి గడియారాన్ని మూడున్నర గంటలు వెనక్కి జరిపాడు. "ఇదిగో, పది. సరిపోయిందా?"

"సరిపోయింది. అయినా ఎందుకు తప్పుగా ఉందంటావ్?"

"కొత్త కదా" అని మెట్లెక్కేశాడు.

రెండు వారాలు గడిచాయి. ఆ ఆసుపత్రిలో ఆపరేషన్లు మంగళ, శుక్రవారాల్లోనే. ఒక సోమవారం పొద్దున్నే ఒక దర్జీ వచ్చాడు. కంట్లో చుక్కలు వేసుకుని, పరగడుపున, దుకాణం మూసి, పనికి సెలవు పెట్టించిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఫోన్లో మెసేజ్ చూపించాడు. సోమవారం, నాలుగో తేదీ.

"మీది రేపండీ. మంగళవారం, ఐదో తేదీ. మీ కార్డు మీద నా చేత్తో రాసిచ్చాను" అంది తేదీలమ్మ.

"కార్డు మీదేం రాశారో నాకేం కనపడుద్దమ్మా, కనపడితే ఇక్కడికెందుకొస్తాను? మా అమ్మాయి మెసేజ్ చదివింది, వచ్చాం. అందరికీ కళ్ళు బాగుచేసే చోట మిమ్మల్ని కూచోబెట్టారే, ముందు మీ కళ్ళు చూపించుకోండి!"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వబోయి ఆగిపోయింది. గురువారం నాడు మరో నలుగురు వచ్చారు. వాళ్ళది శుక్రవారం. ఆ పై సోమవారం ఆరుగురు. అందరూ రెండో కౌంటర్లో తేదీ తీసుకున్నవాళ్ళే. ఒకటో కౌంటర్ నుంచి ఒక్కరూ రాలేదు.

సూపర్నెంటు ఆవిణ్ణీ మేనల్లుణ్ణీ పైకి పిలిచాడు. "చూడమ్మా, చేత్తో ఒకటి రాస్తావు, మెషీన్లో ఒకటి కొడతావు. ఆ ఆరుగురిలో ఒకాయన నా బల్ల గుద్ది వెళ్ళాడు. ఏమిటిది?"

"నేను మంగళవారమే నొక్కానండీ. నా తెర మీద ఇప్పటికీ మంగళవారమే ఉంది. కావాలంటే కిందికొచ్చి చూడండి."

సూపర్నెంటు తన బల్ల మీది తెర మేనల్లుడి వైపు తిప్పాడు. మేనల్లుడు రికార్డులన్నీ దింపి చూశాడు. ఒక్కసారి అత్త ముఖంలోకి చూశాడు. తల నెరిసింది, యాభై ఎనిమిదేళ్ళు. ఈమధ్య కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతోంది. తన ప్రోగ్రాములో తప్పుందన్న ఆలోచన రావడానికి ముందే ఆ కళ్ళద్దాలు గుర్తొచ్చాయి అతనికి.

"మెసేజ్‌ల రికార్డులో సోమవారమనే పడిందండి. రెండో కౌంటర్ నుంచే" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడక్కపోయినా ఇంకో మాట కలిపాడు. "తర్వాత చూసుకుని దిద్దుకుని ఉంటుంది. మెసేజ్ మొదటిదే వెళ్ళిపోతుంది కదా."

మూడంతస్తులు దిగి ఆవిడ తెర చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? దిగలేదు. ఇద్దరిలో ఒక్కరూ. తనకంటే మేనల్లుడు చెప్పిందే ఆవిడకి నమ్మకం. అందుకే దెబ్బ లోపలికి దిగింది.

ఆ రోజు నుంచి ఆవిడ పాత రిజిస్టరు ఒకటి బయటికి తీసి, దర్జీతో మొదలుపెట్టి తప్పు రోజున వచ్చి తిరిగి వెళ్ళినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఎర్రసిరాతో రాసుకోవడం మొదలుపెట్టింది. శనివారానికి పంతొమ్మిది మందయ్యారు. ఆ సాయంత్రం జనం పల్చబడ్డాక మేనల్లుణ్ణి కౌంటర్లోకి పిలిచింది.

"ఒరేయ్ నాన్నా, ఇలా నా వెనక నిలబడు. నీ నంబరు మీదే ఒక ఉత్తుత్తి పేషెంటుని రాస్తాను. నా చెయ్యి ఎక్కడ తప్పుతోందో చూసి చెప్పు."

ఆవిడ గట్టిగా చదువుతూ నొక్కింది. "పైవారం కాక ఆ పైవారం. మంగళవారం. ఇరవై ఆరు. చూశావుగా? ఇరవై ఆరే కదా నొక్కింది?"

ఇరవై ఆరే. అతని కళ్ళ ముందే నొక్కింది. జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. సోమవారం, ఇరవై ఐదు.

తెర మూల గడియారం సరిగ్గా ఐదుంపావు చూపిస్తోంది. దాని మీద నొక్కాడు. గంట కింద చిన్న అక్షరాల్లో ఎక్కడో తూర్పు దేశపు నగరం పేరుంది. ఆ కంప్యూటర్ పెట్టెలోంచి దిగినప్పటి నుంచీ తను ఆ దేశంలో ఉన్నాననే అనుకుంటోంది. ఆ రోజు అతను గంటలు వెనక్కి జరిపాడే గాని, నువ్వున్నది ఈ ఊళ్ళో అని దానికి చెప్పలేదు. తప్పు మానికను అలాగే ఉంచి, కొలిచినప్పుడల్లా రెండు గుప్పిళ్ళు తీసేసి సరిపెట్టినట్టు.

ఆవిడ మంగళవారం నొక్కితే అది తన దేశపు మంగళవారం పుట్టే అర్ధరాత్రిని పట్టుకుని పంపుతోంది. ఆ క్షణానికి ఇక్కడ ఇంకా సోమవారం రాత్రి ఎనిమిదిన్నరే. డేటాబేసు దాచుకున్నది ఆ క్షణాన్ని. దాన్ని ఆసుపత్రి కాలంలోకి మార్చి మెసేజ్ పంపితే సోమవారం. అదే మళ్ళీ ఆవిడ తెర మీదికొస్తే, కంప్యూటర్ తన దేశపు కాలంలోకి తిప్పుకుని మంగళవారమే చూపిస్తుంది. ఆవిడ చూసిందీ నిజమే, జనం చదివిందీ నిజమే. మధ్యలో అబద్ధమాడింది అతని ప్రోగ్రాము. అసలు ఆపరేషన్ రోజుకి గంటతో సంబంధమేముంది? తేదీని తేదీగా దాచుంటే సరిపోయేది. గొప్పకి పోయి దానికొక అర్ధరాత్రి తగిలించింది తనే. సోమవారాల్లో ఆపరేషన్లుండవని ప్రోగ్రాముకి చెప్పనిదీ తనే.

"ఏమొచ్చిందిరా?" అంది అత్త వెనక్కి తిరక్కుండా.

సరిగ్గా అప్పుడే సూపర్నెంటు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతూ, "ఏం మేనల్లుడు గారూ, పరీక్షా? పాసయ్యారా అత్తగారు?" అన్నాడు.

అతను ఫోన్ జేబులో పడేసుకున్నాడు. "మంగళవారమే వచ్చింది. సరిగ్గానే ఉంది" అన్నాడు.

తేదీలమ్మ కాసేపు కీబోర్డు మీద చేతులు అలాగే ఉంచుకుంది. "అయితే నువ్వు పక్కనుంటే సరిగ్గా నొక్కుతున్నానన్నమాట" అంది మెల్లగా. "ఒక్కదాన్నే ఉన్నప్పుడే తప్పుతోంది."

ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన ఐదు నిమిషాల్లో అతను కంప్యూటరుకి ఊరు మార్చాడు. ఆదివారం పొద్దున కూచుని డేటాబేసులో ఆ గడిని గంట లేని ఉత్త తేదీగా మార్చాడు. ఇంకా రావలసినవాళ్ళ తేదీలు దిద్ది, 'గమనించగలరు' అని అందరికీ కొత్త మెసేజ్‌లు పంపాడు. ఎవరికీ చెప్పలేదు. పనయిపోయింది కదా, ఇక తప్పులు రావు, అందరూ మర్చిపోతారు అనుకున్నాడు.

తప్పులు రాలేదు. అక్కడే అసలు చిక్కొచ్చింది.

"చూశారా, గట్టిగా చెప్పాక ఎంత జాగ్రత్తగా చేస్తోందో!" అన్నాడు సూపర్నెంటు అందరి ముందూ. ఆవిడ తల వంచుకుని ఆ మెప్పుని తీసుకుంది. ఇంటి దగ్గర మాత్రం వేరే మనిషైంది. పొయ్యి ఆపి, గదిలోకెళ్ళి, మళ్ళీ వచ్చి చూస్తుంది. తలుపు తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొస్తుంది. నాలుగో రోజుకి గోడల మీద చీటీలు వెలిశాయి. 'మాత్ర వేసుకున్నాను.' 'నీళ్ళు కట్టేశాను.' 'ఈ రోజు బుధవారం.'

"మామ్మా, ఈ రోజు గురువారం. చీటీ మార్చలేదు నువ్వు" అంది మనవరాలు.

ఏడేళ్ళ పిల్ల ఆటగా అన్న మాటకి ఆవిడ ముఖం పాలిపోయింది. చీటీ మార్చడం ఎవరైనా మర్చిపోతారు. ఆవిడ మాత్రం మంచం మీద కూలబడిపోయింది.

"పిన్నిగారు నిన్న నన్నడిగారు" అంది మేనల్లుడితో అతని పెళ్ళాం, బట్టలు మడతపెడుతూ. "'నేను ఎప్పుడైనా పిల్లని బడి నుంచి తీసుకురావడం మర్చిపోతే నన్నేమీ అనకమ్మా, నాకు చెప్పు' అని. ఏమైందండీ ఆవిడకి? మొన్నటిదాకా మన పెళ్ళికి ఎవరెవరు ఏ బస్సుకి వచ్చారో చెప్పేవారు."

"వయసు" అన్నాడు అతను. అనేసి, సగం అన్నం కంచంలోనే వదిలి లేచాడు.

చెబుదామనుకోని పూట లేదు. పొద్దున అత్తని బండి మీద వెనక కూచోబెట్టుకుని వెళ్తున్నప్పుడు నోటిదాకా వచ్చేది. ఇంకో రెండు ఆసుపత్రులకి అదే ప్రోగ్రాము పెట్టే మాట నడుస్తోంది, అదొక వంక. నిజానికి అది కాదు. తప్పు చెప్పడం తేలికే. ఆ శనివారం సాయంత్రం ఆడిన అబద్ధం చెప్పడానికే నోరు రావడం లేదు. రోజు గడిచేకొద్దీ అది ఇంకో రోజు పెద్దదవుతోంది.

పదో రోజున ఆవిడ తనంతట తనే సూపర్నెంటుకి ఉత్తరం రాసిచ్చింది. కౌంటర్ పని నుంచి తప్పించి దుప్పట్ల గదిలో వేయమని. "దుప్పటి తప్పు రోజున ఇచ్చినా ఎవరి కన్నూ పోదు కదండీ" అందట. సోమవారం నుంచి మారమన్నాడాయన. అదే సాయంత్రం మేనల్లుడితో, "రేపు మతిమరుపు డాక్టరు దగ్గరికి వెళ్దాంరా. నువ్వు కూడా రా, డాక్టరు చెప్పింది నేను మర్చిపోతే కష్టం" అంది, నవ్వుతూనే.

మర్నాడు బుధవారం. డాక్టరు గది చిన్నది. బల్ల మీద తెల్లకాగితం, పెన్సిలు, ఒక ప్లాస్టిక్ మెదడు బొమ్మ. డాక్టరమ్మకి నలభై ఉండవు. నిదానంగా మాట్లాడుతుంది.

"కంగారేమీ లేదమ్మా. కొన్ని చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతాను. ముందుగా, ఈ రోజు తేదీ ఎంత?"

ఇరవై ఆరేళ్ళు ఊరందరికీ తేదీలు చెప్పిన మనిషి నోరు తెరిచింది. పెదవుల మీదికి అంకె వచ్చింది కూడా. అక్కడ ఆగిపోయింది. ఆగి, మెడ తిప్పి, మేనల్లుడి వైపు చూసింది. చెప్పొచ్చా, ఇదేనా, అన్నట్టు. బడిలో లెక్క చెప్పే ముందు తను ఆవిడ వైపు అలాగే చూసేవాడు.

అతనికి తల తీసేసినట్టయింది.

"డాక్టరుగారూ, ఆపండి" అన్నాడు. లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలీదు. "అత్తా, నీకేమీ కాలేదు. నువ్వు మంగళవారమే నొక్కావు. ప్రతిసారీ సరిగ్గానే నొక్కావు. ఆ కంప్యూటరుకి నేను గంటలు జరిపాను గాని ఊరు మార్చలేదు. తప్పు నాది."

డాక్టరమ్మ పెన్సిలు కింద పెట్టింది.

తేదీలమ్మ ముందు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "ఎప్పుడు తెలిసింది?" అంది.

"ఆ శనివారం. నువ్వు నన్ను వెనక నిలబెట్టుకున్నప్పుడు. నా ఫోన్లో సోమవారమనే వచ్చింది."

"మంగళవారం అన్నావు."

"అన్నాను."

"ఆ శనివారం పదహారు. ఈ రోజు ఇరవై ఏడు." వేళ్ళు మడవకుండానే లెక్క కట్టింది. "పదకొండు రోజులు. నేను గోడలకి చీటీలు అంటిస్తుంటే చూస్తూ కూచున్నావు. పిల్లని బడి నుంచి తీసుకురావడానికి భయపడి, గేటు దగ్గర దాని చెయ్యి పట్టుకుని మళ్ళీ మళ్ళీ ఇది మన పిల్లేనా అని చూసుకున్నాను. తెలుసా నీకు?"

అతనికి తెలీదు. కిందికి చూస్తూ నిలబడ్డాడు. గచ్చు మీద పలకలు పదహారున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు, పదహారే.

"ఇరవై ఏడు, బుధవారం" అంది తేదీలమ్మ డాక్టరమ్మతో. చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. "రాసుకోండమ్మా. మిగతావి కూడా అడగండి, వచ్చాం కదా." అన్నిటికీ జవాబు చెప్పింది. వెనక్కి లెక్కపెట్టమంటే డాక్టరమ్మే ముందు అలిసిపోయింది.

ఆసుపత్రికి బండి మీద రాలేదు. "మీరు పదండి, నేను ఆటోలో వస్తాను" అంది. అతను ఎవరితోనో అనుకుని పక్కకి చూశాడు. పక్కన ఎవరూ లేరు.

మూడో అంతస్తులో సూపర్నెంటు ముందు అంతా మళ్ళీ చెప్పాడు. బోర్డు మీద ఇంకా చెరపని తన గడియారాలే వెనక ఉన్నాయి. సూపర్నెంటు ఎర్రబడ్డాడు, ఆవిడ ఉత్తరం సొరుగులోంచి తీసి చేతికిచ్చాడు. "నేనూ ఒక్కసారి కిందికి దిగి చూసుండాల్సింది అమ్మా" అన్నాడు. ఆవిడ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. చింపలేదు.

కింద ఒకటో కౌంటర్ అమ్మాయి లేచి కుర్చీ తుడవబోయింది. తేదీలమ్మ కూచోలేదు. ఎర్రసిరా రిజిస్టరు తెరిచి కీబోర్డు ముందు పెట్టింది. పంతొమ్మిది పేర్లు.

"ఈ పూటకి ఆ కుర్చీ మీదండీ" అంది మేనల్లుడితో. "వీళ్ళందరూ నన్ను తిట్టి వెళ్ళారు. నా తరఫున చెప్పొద్దు, ఆసుపత్రి తరఫున అసలొద్దు. మీరెవరో చెప్పి మాట్లాడండి."

అతను కూచున్నాడు. ఆవిడ ఒంటికి అలవాటుపడ్డ కుర్చీ అతన్ని ఒక పక్కకి తోసింది. కిటికీ అవతల వరసలో జనం ఉన్నారు, వింటున్నారు. మొదటి పేరు దర్జీది. ఫోన్ ఎత్తిన గొంతు వెనక మిషను చప్పుడు ఆగింది.

"కంటి ఆసుపత్రి నుంచండి. కంప్యూటర్ ప్రోగ్రాము రాసినవాణ్ణి. ఆ సోమవారం మీకొచ్చిన తప్పు మెసేజ్ నా వల్ల వచ్చింది. కౌంటర్లో ఆవిడ తప్పు కాదు. తెలిసి కూడా పదకొండు రోజులు చెప్పలేదు."

"అంటే ఆ అమ్మ మంగళవారమనే సరిగ్గా చెప్పిందా?"

"అవునండి."

"నలుగురిలో ఎంత మాటన్నాను... ఇప్పుడు కన్ను బానే ఉంది, సూదిలో దారం కూడా ఎక్కుతోంది. ఇప్పుడు ఆవిడ ముఖం ఎట్లా చూసేది? ఉన్నారా అక్కడ? ఫోనివ్వండి."

ఇచ్చాడు. ఆవిడ చెవికి పెట్టుకుని విన్నది. "పర్లేదండీ... లేదండీ, లేదు... మీకు రెండో కన్ను వచ్చే నెల చూపించాలి, గుర్తుందా? తొమ్మిదో తేదీ వచ్చేయండి, మంగళవారం." పెదవి కొసన చిన్న నవ్వు కదిలింది. ఫోన్ తిరిగి అతని చేతికొచ్చేసరికి అది లేదు.

అతను నోరు తెరిచాడు. "అత్తా..."

ఆవిడ వేలు రిజిస్టర్లో రెండో గీత మీదికి జరిగింది.

"తర్వాతి నంబరు చూడండి" అంది.